ప్రయాణ ధర్మం

తెలుగువారి ఇంటికి కొత్త మోటారు సైకిలు వచ్చిన రోజు ఒక చిన్న పండుగ. షోరూము నుంచి బండి నేరుగా గుడి ముందుకు చేరుతుంది. పూజారి హ్యాండిలుకు పూలమాల చుట్టి, ట్యాంకు మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ గుర్తు దిద్ది, కర్పూరహారతి ఇస్తాడు. కొబ్బరికాయ కొడతారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని వాటి మీదుగా ముందుకు నడిపిస్తారు. ఆ వేళ ఇంటి ఇల్లాలు కళ్లు మూసుకొని కోరుకొనే కోరిక ఒక్కటే. ఈ బండి ఎక్కి వెళ్లినవాడు క్షేమంగా ఇంటికి తిరిగి రావాలి. ఆ కోరికలో ఎంత ఆర్తి ఉంటుందో, మరునాటి ఉదయం అదే బండి వీధిలోకి పరుగెత్తే తీరులో అంత మరుపు కనిపిస్తుంది. పూలమాల ఇంకా వాడదు, హెల్మెట్ మాత్రం తల మీద ఉండవలసింది పోయి పక్క అద్దానికి వేలాడుతూ ఉంటుంది.

హైదరాబాదులోని ఒక మధ్యతరగతి ఇంట అటువంటి పూజే జరిగింది. ఇంటర్మీడియట్ పూర్తి చేసి డిగ్రీలో చేరిన కుమారునికి పద్దెనిమిదేళ్లు నిండిన సందర్భమది. ఆ పిల్లవాడు రెండేళ్లుగా బండి కావాలని అడుగుతూనే ఉన్నాడు. తండ్రి అంగీకరించలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. పదహారేళ్లకు అనుమతి ఉన్నది 50 సి.సి. మించని, గేర్లు లేని బండికి మాత్రమే. 2019లో వచ్చిన సవరణ మరొక మాట చేర్చింది. వయసు చాలని పిల్లలు బండి నడిపి నేరానికి పాల్పడితే, సంరక్షకునికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉండవచ్చు. తండ్రి ఈ విషయాలన్నీ చెప్పి ఇంతకాలం ఆపగలిగాడు. ఇప్పుడు ఆపవలసిన కారణం లేదు. లైసెన్సు వచ్చింది. బండి గుమ్మం ముందు మెరుస్తున్నది. అయినా తాళంచెవి మాత్రం పిల్లవాని చేతికి రాలేదు. తల్లి దానిని తన అన్నగారి చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, వీడికి ఎప్పుడు ఇవ్వాలో నువ్వే చెప్పు. నువ్వు సరే అన్ననాడే ఇస్తాను" అన్నదామె.

ఆ మేనమామ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. ముప్ఫై ఏళ్లకు పైగా మోటారు సైకిలు నడుపుతున్నవాడు. మేనల్లుడు ముఖం చిన్నబుచ్చుకొని, "నాకు బండి నడపడం వచ్చు మామయ్యా" అన్నాడు.

"నడపడం నీకు వచ్చునని నాకూ తెలుసురా. ఆపడం వచ్చో రాదో చూద్దాం" అన్నాడాయన.

మరుసటి ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ ఊరి చివర ఒక ఖాళీ మైదానానికి వెళ్లారు. ఆయన నేల మీద సున్నంతో ఒక గీత గీశాడు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఆ గీత దగ్గర తాను చెయ్యి ఎత్తగానే ఆపమన్నాడు. పిల్లవాడు ధైర్యంగా వచ్చాడు. చెయ్యి ఎత్తడం చూశాడు. కాలితో వెనుక బ్రేకు బలంగా తొక్కాడు. వెనుక చక్రం బిగుసుకొని జారింది, బండి అడ్డం తిరిగింది. ఎలాగో నిలదొక్కుకొని ఆగేసరికి గీత చాలా వెనుక ఉండిపోయింది. ఆయన ఏమీ అనకుండా అడుగులతో ఆ దూరం కొలిచి, ఇసుకలో పుల్లతో లెక్క వేయడం మొదలుపెట్టాడు.

గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. కన్ను చూసి, మనసు గ్రహించి, చెయ్యి బ్రేకును పట్టడానికి ఒక సెకను పడుతుందనుకొంటే, బ్రేకు పడకముందే బండి 10 మీటర్లు ముందుకు పోతుంది. ఆ తరువాత ఒక మోస్తరు గట్టిగా బ్రేకు వేస్తే మరొక 10 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 20 మీటర్లు. వేగం రెట్టింపై 72 కిలోమీటర్లయితే ఆగే దూరం 40 మీటర్లు కాదు. ఆలోచనకు 20 మీటర్లు, బ్రేకుకు 40 మీటర్లు, కలిపి 60 మీటర్లు. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక జారే దూరం నాలుగింతలవుతుంది. తరగతి గదిలో బోర్డు మీద వందసార్లు రాసిన సూత్రమే అది. కాని మేనల్లునికి అది అర్థమైంది ఆ రోజు ఆ ఇసుకలోనే.

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. అందుచేత ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. 'ముందు బ్రేకు పట్టుకొంటే పల్టీ కొడతావు' అని పిల్లలకు చెప్పే మాట సగమే నిజం. ఒక్కసారిగా గుంజితేనో, మలుపులోనో, తడి నేల మీదనో ముందు చక్రం జారుతుంది. నిటారుగా పోతున్నప్పుడు, పండు పిండినట్లు క్రమంగా బిగిస్తూ, వెనుక బ్రేకును దానికి తోడు చేస్తే బండి బుద్ధిగా ఆగుతుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సి.సి. దాటిన కొత్త బండ్లన్నింటికీ చక్రం బిగుసుకొనిపోకుండా చూసే ఏ.బి.ఎస్. ఏర్పాటు తప్పనిసరి అయింది. అంతకు తక్కువ శక్తి గల బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు ఉండాలి. అయితే ఏ ఏర్పాటూ నేలను మార్చలేదు. బండికి నేలతో ఉన్న సంబంధమంతా రెండు టైర్లు తాకే రెండు చోట్లే. ఒక్కొక్కటి అరచేయి అంత. ఆ రెండు అరచేతుల మీదనే మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగవ వారం ఆయన మేనల్లుని తన ఇంటికి పిలిచి, గోడకు మేకున వేలాడుతున్న ఒక పాత హెల్మెట్ చూపించాడు. రంగు వెలిసింది. లోపలి గుడ్డ చిరిగింది. గాజు పసుపుబారింది. ఇంట్లో ఇన్నేళ్లుగా దానిని ఎవరూ తీయరు, ఎవరూ పెట్టుకోరు. పిల్లవాడు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కాని ఎవరిదని ఎన్నడూ అడగలేదు.

అది ఆయన స్నేహితునిది. ఇద్దరూ ఒకే కళాశాలలో చదివారు, ఒకే ఏడాది ఉద్యోగాల్లో చేరారు, ఒకే నెలలో బండ్లు కొన్నారు. ఊళ్లు దాటి వెళ్లేటప్పుడు ఆ స్నేహితుడు హెల్మెట్ లేకుండా కదిలేవాడు కాడు. ఒక సాయంత్రం ఈ ఇంటికే వచ్చి కూర్చున్నాడు. కాఫీలోకి పాలు లేవని తెలిసి, పక్క వీధిలోని కొట్టు దాకా వెళ్లి తెస్తానని లేచాడు. హెల్మెట్ బల్ల మీదనే ఉంది. "రెండు నిమిషాల పని, దానికి అదెందుకు" అన్నాడు. మలుపు దగ్గర ఒక కుక్క అడ్డం వచ్చింది. బండి వేగం ఏమంత ఎక్కువ కాదు. బండికి గీతలు మాత్రమే పడ్డాయి. ఒంటి మీద మోకాలి దగ్గర తప్ప గాయం లేదు. తల కాలిబాట రాతి అంచుకు తగిలింది. మూడవ రోజు తెల్లవారుజామున అంతా అయిపోయింది.

"దూరం పోయేటప్పుడే ప్రమాదమని వాడనుకొన్నాడు. నేనూ అలాగే అనుకొన్నాను. పెట్టుకొని వెళ్లరా అని ఒక్కమాట అనలేదు" అన్నాడాయన. ఆ తరువాత చాలాసేపు ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ ఒక్క మనిషి కథ దేశమంతటి కథ కూడా. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో భారతదేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి దాదాపు 44 మంది ద్విచక్ర వాహనాల మీద ప్రయాణించినవారే. హెల్మెట్ లేకపోవడంతో మరణించినవారిగా లెక్కకెక్కినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. భార్యలు, తల్లులు, చెల్లెళ్లు, స్నేహితులు ఈ లెక్కలో ఉన్నారు. నడిపేవాడు హెల్మెట్ పెట్టుకొని, వెనుక తల్లిని వట్టి తలతో కూర్చోబెట్టుకొనిపోయే దృశ్యం మన ఊళ్లలో నిత్యం కనిపిస్తుంది. చట్టం మాత్రం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ముందు వెనుకల భేదం లేకుండా హెల్మెట్ ఉండాలంటుంది. అంతకంటె చిన్న పిల్లలను తీసుకొనిపోయేటప్పుడు వారిని నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని నిబంధన ఉంది.

ఈ శిరస్త్రాణం వాడుకలోకి రావడం వెనుక కూడా ఒక మరణమే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అరేబియా ఎడారుల్లో పేరు గడించిన బ్రిటిష్ సైనికుడు, రచయిత టి.ఇ. లారెన్సుకు మోటారు సైకిలంటే ప్రాణం. 1935 మే నెలలో ఇంగ్లండులోని తన ఇంటి సమీపంలో బండి మీద వస్తూ, సైకిళ్ల మీద ఉన్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఉన్నాడు. చేయగలిగినదేమీ లేక చూస్తూ ఉండిపోయిన ఆ అనుభవం కెయిర్న్సును వదలలేదు. ఆయన మోటారు సైకిలు ప్రమాదాల్లో తలకు తగిలే గాయాలను ఏళ్ల తరబడి పరిశీలించి, హెల్మెట్ ఎలా కాపాడుతున్నదో 1941లో ప్రకటించాడు. బ్రిటిష్ సైన్యం బండ్ల మీద సందేశాలు మోసే తన సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. సామాన్య ప్రజలకు అది చట్టమైనది 1973లో. నిజం తెలియడానికి, తెలిసిన నిజం ఆచరణలోకి రావడానికి మధ్య మూడు దశాబ్దాలు గడిచాయి. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష హెల్మెట్ వల్ల మరణావకాశం నూటికి 42 వంతులు, తలగాయాల అవకాశం 69 వంతులు తగ్గుతాయని తేల్చింది.

హెల్మెట్ పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. పైన గట్టి చిప్ప, లోపల దట్టమైన థర్మోకోల్ వంటి పొర ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తల వేగాన్ని మెల్లగా తగ్గిస్తుంది. తాను నలిగి తలను కాపాడుతుంది. అందువల్లనే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నట్లు కనిపించినా మరల వాడరాదు. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 4151 అన్న సంఖ్య చూసుకోవాలి. చెవులను, గడ్డాన్ని కప్పని టోపీ వంటివి పోలీసుల కంటపడకుండా కాపాడవచ్చునేమో గాని, నేల నుంచి కాపాడలేవు. గడ్డం కింది పట్టీ బిగించకపోతే ఎంత ఖరీదైన హెల్మెట్ అయినా మనిషి నేలను తాకకముందే ఎగిరిపోతుంది. హెల్మెట్‌కు, చెవికి మధ్య ఫోను ఇరికించి మాట్లాడేవాడు తలకు రక్షణ ఇచ్చి, దృష్టిని దొంగలకు ఇచ్చినవాడవుతాడు.

ఆ తరువాతి పాఠాలు నగర వీధుల్లో సాగాయి. మేనమామ వెనుక కూర్చొనేవాడు, మేనల్లుడు నడిపేవాడు. ఆయన బోధించిన మొదటి సూత్రం వింతగా తోచింది.

"దారిలో నిన్ను ఎవరూ చూడటం లేదనుకొని నడుపు. హారన్ కొడితే వాడు విన్నాడనుకోకు. నీ వంక చూస్తే నిన్ను చూశాడనుకోకు."

ఈ సూత్రం వెనుక అనుభవమే కాదు, పరిశోధన కూడా ఉంది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు తన బృందంతో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటనే పరిశీలించి, 1981లో నివేదిక వెలువరించాడు. ఆ ప్రమాదాల్లో నాలుగింట మూడు వంతులు మరొక వాహనంతో ఢీకొన్నవి. వాటిలో మూడింట రెండు వంతులలో తప్పు ఎదుటి వాహనానిది. మోటారు సైకిలుకు దారి ఇవ్వవలసిన చోట ఆ డ్రైవరు ఇవ్వలేదు. చాలామంది చెప్పిన మాట ఒక్కటే, బండిని తాము చూడలేదని. వారు అబద్ధమాడలేదు. కారునో బస్సునో వెదికే కంటికి సన్నని బండి ఆనదు. మన దేశంలో 2017 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలు కూడా ముందు దీపం వెలుగుతూనే ఉండటానికి కారణం ఇదే. తెలియని పెద్దలు దారిలో చేతులు ఊపి, 'లైటు ఆర్పు బాబూ' అని మంచి మనసుతో హెచ్చరిస్తుంటారు. ఆ వెలుగు 'నేనిక్కడ ఉన్నాను' అని చెప్పుకొనే మాట.

లాస్ ఏంజెలెస్ వీధులు వేరు, మన వీధులు వేరు. సవారీ కోసం చెయ్యి ఎత్తిన మనిషిని చూడగానే ఆటో ఉన్నచోటనే ఆగిపోతుంది. స్టాపు దగ్గర ఆగిన ఆర్.టి.సి. బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు రోడ్డు దాటడానికి పరుగెత్తుకొని వస్తారు. ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకొంటుంది. డివైడరు సందులోంచి రాంగ్ రూట్లో ఒక బండి ఎదురవుతుంది. రంగు వేయని స్పీడు బ్రేకరు చీకట్లో లేచి నిలబడుతుంది. వీటిలో ఏదీ ఆశ్చర్యం కాదు. రోజూ జరిగేదాన్ని రోజూ ఆశించడమే జాగ్రత్త. లారీ డ్రైవరు ముఖం దాని అద్దంలో మనకు కనిపించకపోతే, మనమూ అతనికి కనిపించడం లేదని అర్థం. ఎడమకు తిరగబోయే లారీకి, కాలిబాటకు మధ్య ఉన్న సందు దారి కాదు, ఉచ్చు. ఎండాకాలం తరువాత మొదటి వాన పడినప్పుడు రోడ్డు మీద పేరుకొన్న నూనె, దుమ్ము తేలి, జారుడు పుడుతుంది. మ్యాన్‌హోలు మూతలు, తెల్లరంగు చారలు తడిస్తే నూనె రాసిన పలకలే. చీర కొంగు, చున్నీ ఎక్కడ ఉన్నాయో చూడకుండా బండి కదిలించరాదు. సైడు స్టాండు తీయడం మరిచినవాడు మొదటి ఎడమ మలుపులోనే ఆ మరుపుకు మూల్యం చెల్లిస్తాడు.

మూడు నెలలు ఇలా గడిచాయి. కార్తీకమాసం వచ్చింది. ఒకనాడు ఆయన తాళంచెవి మేనల్లుని చేతిలో పెట్టి, "శ్రీశైలం పోదామా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నతో జాగ్రత్త పాఠాలు ముగిసి, ఆనంద పాఠాలు మొదలయ్యాయి. నిజానికి రెండూ ఒకటే పాఠం. హైదరాబాదు నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. ఒక్కరోజులో వెళ్లి రావచ్చునని పిల్లవాడు లెక్క కట్టాడు. మామయ్య ఆ లెక్కను కొట్టివేశాడు. అలసిన కన్ను చూసినదాన్ని ఆలస్యంగా గ్రహిస్తుంది. ఒక రాత్రి అక్కడ ఉండి మరునాడు తిరిగి వద్దామన్నాడు. భక్తుల రద్దీ ఎక్కువగా ఉండే సోమవారాన్ని తప్పించి శనివారం బయలుదేరాలని నిశ్చయించారు. చీకటితో కాదు, తెలతెలవారుతుండగా కదలాలి. గంటకొకసారి ఆగాలి. దాహం వేయకముందే నీళ్లు తాగాలి. ముందురోజు సాయంత్రం ఇద్దరూ కూర్చొని రెండు బండ్ల టైర్లలో గాలి, గొలుసు బిగువు, బ్రేకులు, దీపాలు, ఇంజన్ ఆయిలు చూశారు. లైసెన్సు, ఆర్.సి., బీమా, కాలుష్య ధ్రువపత్రం సర్దుకొన్నారు. మందపాటి చొక్కా, బూట్లు, చేతి తొడుగులు బయట పెట్టుకొన్నారు. తల్లి పులిహోర చేసి పొట్లాలు కట్టింది.

శనివారం ఉదయం కడ్తాల, ఆమనగల్లు దాటేసరికి మంచుతెర పలుచబడింది. కోతలైన వరిచేల వాసన గాలిలో నిండి ఉంది. బస్సు కిటికీలోంచి దృశ్యం కనబడుతుంది. మోటారు సైకిలు మీద మనిషి ఆ దృశ్యంలోనే ఉంటాడు. చెరువు పక్కగా పోతే చలి ముఖానికి తగులుతుంది, చింతచెట్ల నీడలోకి పోతే మరొక చలి. బెల్లం వండే వాసన, తడిసిన మట్టి వాసన, ఇడ్లీ బండి దగ్గరి కట్టెల పొగ ఒకదాని వెంట ఒకటి పలకరిస్తాయి. ఇద్దరూ పక్కపక్కన కాక, ఒకరు కొంచెం కుడిగా, వెనుక ఉన్నవారు కొంచెం ఎడమగా, మధ్య తగిన దూరం ఉంచుకొని సాగారు. డిండి జలాశయం దగ్గర ఆగి టీ తాగారు. పిల్లవానికి ఆ టీ రుచి ఏళ్ల తరువాత కూడా గుర్తుండేటట్లున్నది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఈ దారిలో వాహనాలను అనుమతించరు. ఆ గంటలు అడవి మృగాలవి. మిగిలిన గంటల్లోనూ మనుషులు అతిథులే. హారన్ కొట్టడం, వేగంగా పోవడం, కోతులకు తిండి పెట్టడం అతిథి మర్యాద కాదు. కోతికి వేసిన ఒక్క అరటిపండు దానిని రోడ్డు మీదికి అలవాటు చేసి, తరువాత వచ్చే బండి కింద పడవేస్తుంది. అడవిలోని చెంచులకు శ్రీశైల మల్లన్న ఇంటి అల్లుడు. ఆ బంధుత్వపు కథలు చెబుతూ మామయ్య ఒక చెట్టు నీడన పులిహోర పొట్లం విప్పాడు.

దోమలపెంట, ఈగలపెంట దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. ఇక్కడ మరొక విద్య కావాలి. మలుపులోకి ప్రవేశించకముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. చూపు ముందు చక్రం మీద కాక, దారి తేలే చోట ఉండాలి. మనిషి ఎటు చూస్తే బండి అటే పోతుంది. భయపడి లోయ వైపు చూస్తే లోయ వైపే పోతుంది. దిగేటప్పుడు పెట్రోలు కలిసి వస్తుందని న్యూట్రల్‌లో వదిలేవారు ఇంజను ఇచ్చే అండను చేజేతులా వదులుకొంటారు. తక్కువ గేరులో దిగితే బ్రేకులు కాగిపోవు. ఇవన్నీ పాటిస్తూ దిగుతుంటే, ఒక మలుపు తిరగగానే రెండు కొండల నడుమ కృష్ణమ్మ, అడ్డంగా శ్రీశైలం ఆనకట్ట కనిపించాయి. మేనల్లుడు వాహనాలకు అడ్డు లేని చోట బండి ఆపి, హెల్మెట్ తీసి నిలబడిపోయాడు. వేగంగా వచ్చి ఉంటే ఆ దృశ్యం ఒక క్షణం మెరిసి మాయమయ్యేది. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట సుఖానికి కూడా వర్తిస్తుందని అప్పుడు అతనికి తోచింది.

మరునాడు తిరుగు ప్రయాణంలో ఒక ఊరి పొలిమేరలో అసలు పరీక్ష ఎదురయింది. రైతులు రోడ్డు మీద సగం వరకు వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. ముందు పోతున్న ఒక జంట బండి ఆ గింజల మీద జారి పడింది. నడిపినవానికి హెల్మెట్ ఉంది, అతడు లేచి నిలబడ్డాడు. వెనుక కూర్చున్న భార్యకు లేదు. ఆమె నుదుటి నుంచి రక్తం కారుతున్నది. చుట్టూ పదిమంది చేరారు. "పోలీసు కేసవుతుంది, ముట్టుకోకండి" అన్నారెవరో.

మేనల్లుడు బండిని పక్కకు ఆపి, అటు వచ్చే వాహనాలను ఆపమని ఇద్దరిని పంపి, 108కి ఫోను చేశాడు. మేనమామ శుభ్రమైన గుడ్డతో గాయాన్ని అదిమిపట్టి, ఆమెను లేపి కూర్చోబెట్టబోయినవారిని వారించాడు. మెడకు దెబ్బ తగిలి ఉంటే కదిలించడమే కీడు. అంబులెన్సు సిబ్బంది వచ్చేదాకా ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు. గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలకు చట్టబలం కల్పించింది. 2019 సవరణ ఆ రక్షణను మోటారు వాహనాల చట్టంలోనే చేర్చింది. ప్రమాదం జరిగిన తరువాతి మొదటి గంట బంగారంతో సమానమని వైద్యులంటారు. ఆ గంటను భయంతో పోగొట్టుకోవడం కంటె పెద్ద ప్రమాదం లేదు. ఆమె స్పృహలోనే ఉన్నది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు భర్త ఏడుస్తూ, "దగ్గరే కదా అని ఆమెకు హెల్మెట్ తేలేదు" అన్నాడు. మేనమామ ముఖం తిప్పుకొన్నాడు. ఆ మాట ఆయన ముప్ఫై ఏళ్ల కిందట విన్నదే.

అక్కడి నుంచి హైదరాబాదు దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. నగరం పొలిమేర చేరాక టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, "ఇక వచ్చేశాం మామయ్యా" అన్నాడు పిల్లవాడు.

"రాలేదు. ఇంటి గుమ్మం దాకా దారే" అన్నాడాయన.

ఆ మాట నిజం. అడవిని, ఘాట్ రోడ్డును కళ్లు విప్పుకొని దాటిన మనిషి, తెలిసిన వీధి కదా అని చివరి మలుపులో ఏమరుతాడు. ప్రమాదానికి దూరం, దగ్గర అన్న భేదం లేదు. బ్రతికి ఉంటే బలుసాకైనా తినవచ్చునన్నారు పెద్దలు. బ్రతికి ఉంటే మళ్లీ మళ్లీ శ్రీశైలం పోవచ్చు, అరకు మలుపులు ఎక్కవచ్చు, చలిగాలిలో డిండి ఒడ్డున టీ తాగవచ్చు. జాగ్రత్త ఆనందానికి శత్రువని యౌవనం భావిస్తుంది. ఆనందాన్ని మరునాటికి, ఆ మరునాటికి నిలిపి ఉంచేది ఆ జాగ్రత్తే.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రెండు బండ్లు వీధి మలుపు తిరిగాయి. ఆ చప్పుడు గుర్తుపట్టి తల్లి అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పిల్లవాడు ఇంజను ఆపి, పట్టీ విప్పి, హెల్మెట్‌ను లోపలికి తెచ్చి తలుపు పక్కన మేకుకు తగిలించాడు. తాళంచెవి తల్లికి ఇవ్వబోయాడు.

"నీ దగ్గరే ఉంచుకో నాయనా" అన్నదామె.

మరునాడు ఉదయం కూరగాయలకు మార్కెట్టు దాకా తీసుకొనిపొమ్మని ఆమె అడిగింది. అది నడిచిపోయే దూరమే. పిల్లవాడు సరేనని లేచి, లోపలికి వెళ్లి, రెండు హెల్మెట్లు తెచ్చాడు.